టిఫిను తినని జడ్జీగారు

నాగేంద్రబాబు ఇంట్లో టిఫిను వద్దన్న మనిషి అమలాపురం చుట్టుపక్కల ఇంతవరకూ పుట్టలేదు. అసలు వద్దనే అవకాశం ఆయన ఇస్తేగా! గుమ్మంలో కాలు పెట్టగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి విస్తరి ముందు కూలేస్తాడు. పెసరట్టులో ఉప్మా, పక్కన దిబ్బరొట్టె, దాని మీదకి పానకం, అల్లప్పచ్చడి, మినపగారెలు. "చాలండీ" అంటే వాళ్ళావిడ వచ్చి నిలబడుతుంది. "చాలండీ బాబూ" అంటే వాళ్ళమ్మగారు కర్ర పట్టుకుని వచ్చి, "నా మీద ఒట్టే" అంటుంది. ఎనభై ఏళ్ళ మనిషి ఒట్టు పెట్టాక ఇంకేం చేస్తాం? తింటాం. చివర్న చిన్న వెండి పళ్ళెంలో రెండు కొబ్బరి లౌజు ఉండలు వస్తాయి. "మన సొంత సరుకేనండీ, నోరు తీపి చేసుకోండి" అంటాడు. అవీ తింటాం.

అలాంటిది ఆ ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి బంగారమ్మ సరిగ్గా ఆయన ఇంటికెదురుగా, ఆయన ఫంక్షన్ హాలు అరుగు మీదే, కాళ్ళు బారజాపుకుని కూర్చుని, తన స్టీలు క్యారేజీ విప్పి, పెరుగన్నంలో మాగాయ టెంక నంజుకుంటూ తింటోంది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఇంత అవమానం ఆ ఇంటికి ఎవరూ చెయ్యలేదు మరి.

ఆ వేళ ఆ హాల్లో కొబ్బరి లౌజు పోటీ ఉంది. కొబ్బరి వర్తకుల సంఘం నిరుడు మొదలుపెట్టింది, ఇది రెండోసారి. పచ్చికొబ్బరి, బెల్లం, యాలకులు, కాస్త నెయ్యి, ఇవి తప్ప ఇంకేమీ వెయ్యకూడదని ఈ ఏడు కొత్తగా రూలు పెట్టారు. ఎవరి పళ్ళెం ఏదో తెలియకుండా నంబర్లు వేస్తారు. గెలిచిన లౌజు పెట్టె మీద సంఘం వాళ్ళ ముద్ర పడుతుంది, ఏడాది పొడుగునా ప్రతి కొట్లోనూ ఆ పెట్టే ముందు వరసలో ఉంటుంది. రుచి చూసి మార్కులు వెయ్యడానికి ముగ్గురు. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మురమళ్ళ కామేశ్వరరావు మేష్టారు ఒకరు. సెల్ ఫోనులో వంటల వీడియోలు పెట్టే దివ్య ఇంకొకరు. మూడోది మన బంగారమ్మ.

బంగారమ్మది పి.గన్నవరం. పెళ్ళిళ్ళకి గాడిపొయ్యి తవ్వించి వెయ్యిమందికి వండటంలో జుట్టు నెరిసింది. మధ్యలో తొమ్మిదేళ్ళు కువైట్లో ఒకరింట్లో వంట చేసి వచ్చింది. ఇప్పుడు ఆవిడ వంటలు మూడొంతులు నాగేంద్రబాబు హాల్లోనే. ఆవిడ గుండిగలూ, గరిటెలూ, జల్లెళ్ళూ ఆ హాలు వెనక గదిలోనే ఉంటాయి. ఆ హాలు తలుపు మూసుకుంటే బంగారమ్మ పొయ్యి ఆరినట్టే. ఈ సంగతి ఆవిడకి తెలుసు, నాగేంద్రబాబుకి తెలుసు, వింటున్న మీకూ తెలిస్తే మంచిది.

నాగేంద్రబాబుకి హాలొక్కటే కాదు. స్వీట్ల కొట్టు ఉంది. ఈ మధ్య కొబ్బరిపాలు ప్యాకెట్లలో నింపి ఊళ్ళకి పంపించే ఫ్యాక్టరీ కూడా పెట్టాడు. నిరుడు లౌజు పోటీలో మొదటి బహుమతి ఆయనదే. ఈ ఏడూ పోటీలో ఉన్నాడు. హాలు ఆయనది, టిఫిన్లు ఆయనవి, పోటీలో సరుకూ ఆయనదే. ఎవరికీ ఇందులో ఏ తప్పూ కనపడలేదు. మర్యాద తెలిసిన మనిషి కదా అన్నారు.

ఆయన స్వయంగా పళ్ళెం పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. తెల్లచొక్కా, మొహమంతా నవ్వు.

"ఏవండీ బంగారమ్మగారూ, ఏంటండీ ఈ అన్యాయం? మా ఇంట్లో విషం పెడతామా ఏంటండీ?"

"విషమైతే తినేద్దునండీ బాబుగారూ," అంది బంగారమ్మ, టెంక చీకడం ఆపకుండానే. "చివర్న లౌజుండ పెడతారు చూడండి, అదండీ నా భయం."

నాగేంద్రబాబు నవ్వు ఒక్క క్షణం అలాగే నిలిచిపోయింది. తర్వాత ఇంకాస్త పెద్దదైంది. "భలేవారండీ! మేష్టారు తింటున్నారు, దివ్యమ్మ తింటోంది. అమ్మ మీకోసం అడుగుతోందండీ."

"అమ్మగారికి నా దణ్ణాలు చెప్పండి. పోటీ అయ్యేక వచ్చి నాలుగు పెసరట్లు తింటాను. అప్పటికి మీరు పెడితే."

ఈ ఆఖరి మాట బంగారమ్మ మెల్లిగానే అంది. నాగేంద్రబాబుకి వినపడింది. పళ్ళెం పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

అసలు సంగతేమిటంటే, నిరుడు బంగారమ్మా ఆ టిఫిను తిన్నది. కడుపారా తిన్నది. ఆఖర్న లౌజుండా తిన్నది. దాంట్లో పచ్చకర్పూరం వాసన గుప్పుమంది. గంట తర్వాత హాల్లో తొమ్మిది పళ్ళేలు ముందు పెట్టి నంబర్లు వేస్తే, మూడో నంబరు నోట్లో పెట్టుకోగానే అదే పచ్చకర్పూరం. ఇంకేం నంబరండీ, ఇంకేం రహస్యం! పేరు రాసి పెట్టినట్టే ఉంది. నాలుక మీద ఇంకా దిబ్బరొట్టె పానకం ఉంది, చెవిలో పెద్దావిడ ఒట్టు ఉంది. నోరు వద్దు వద్దంటూనే ఉంది, చెయ్యి మాత్రం తొమ్మిదిన్నర వేసేసింది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. బహుమతులిచ్చేశాక ఒక పిల్ల మిగిలిన ఉండలు డబ్బాలో సర్దుకుంటూ కనపడింది. పద్మశ్రీ అని, ఆలమూరు పిల్ల. ఆ పిల్లది ఆరో నంబరు. తొమ్మిదింటిలో అంత మంచి లౌజు ఇంకోటి లేదు. బంగారమ్మ దానికి ఎనిమిది వేసింది. ఆ పిల్ల దగ్గరికొచ్చి, "పిన్నిగారండీ, నా దాంట్లో లోపమేంటండీ? చెబితే సరిచేసుకుంటాను" అంది. బంగారమ్మ ఏమందో తెలుసా? "ఏం లోపం లేదమ్మా, బాగుంది, చాలా బాగుంది" అంది. మన గోదావరి మర్యాద అది. "బాగుంటే మరెందుకు రాలేదండీ?" అని పిల్ల అడిగింది. బంగారమ్మ కొంగు సర్దుకుని ఆటో ఎక్కేసింది.

అప్పటినుంచీ ఆ ప్రశ్న పళ్ళ సందున ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. కువైట్లో మేడమ్ తొమ్మిదేళ్ళలో ఒక్కనాడు బాగుందనలేదు. బాగోలేని రోజు మాత్రం గిన్నె తెచ్చి ముందు పెట్టి, ఉప్పెక్కువైంది, బియ్యం ఉడకలేదు, అని చెప్పేది. మొదట్లో ఏడుపొచ్చేది. ఆ చెప్పడం వల్లే తన చెయ్యి కుదిరిందని బంగారమ్మకి తర్వాత్తర్వాత తెలిసింది. అలాంటి మనిషి, లోపమేంటని అడిగిన పిల్లకి నిజం చెప్పలేకపోయింది. ఛీ, ఏం బతుకు అనుకుంది. అందుకే ఈ ఏడు సంఘం వాళ్ళు మళ్ళీ పిలిస్తే సరే అంది. క్యారేజీ కట్టుకుని, తన డబ్బులతో ఆటో మాట్లాడుకుని వచ్చింది.

తొమ్మిదిన్నరకి ముగ్గుర్నీ బల్ల ముందు కూర్చోబెట్టారు. అరటాకు ముక్కల మీద తొమ్మిది నంబర్లు. సంఘం సెక్రటరీ శివప్రసాద్ కాగితాలు పంచాడు. నంబరు, మార్కు, అంతే. బంగారమ్మ స్కేలు అడిగి పుచ్చుకుని, పక్కన ఇంకో గడి గీసుకుని, పైన 'ఎందుకు' అని రాసింది. ఐదో తరగతి చదువు, అక్షరాలు లావుగా వచ్చాయి.

"అది అవసరం లేదండీ," అన్నాడు శివప్రసాద్.

"నాకవసరమండీ," అంది.

ఒకటో నంబరు చూసింది. బెల్లం ఎక్కువ. ఐదు వేసి, ఎందుకో రాసింది. నీళ్ళు పుక్కిలించింది. రెండో నంబరు నోట్లో పెట్టుకుంది. ఆహా! కాయ మరీ ముదురు కాదు, లేతా కాదు. నములుతుంటే పాలు దిగుతున్నాయి. బెల్లం కొబ్బరిని మింగెయ్యలేదు. ఎవరో కాయ సంగతి తెలిసిన మనిషి చేతిది. తొమ్మిది వేసింది. 'కాయ మంచిది, పాకం మంచిది, నెయ్యి ఒక చుక్క తగ్గాలి' అని రాసింది.

ఐదో నంబరు దగ్గర పరిమళం ముందే వచ్చింది. నెయ్యి, యాలకులు, మొదటి కొరుకు అమృతంలా ఉంది. బంగారమ్మ మింగలేదు, నములుతూ కూర్చుంది. తీపి జారిపోయింది. నెయ్యి జారిపోయింది. మిగిలింది నాలుక మీద రంపప్పొట్టులా ఆడుతోంది. పాలు లేవు, రసం లేదు. ఆవిడకి ఆ సరుకు బాగా తెలుసు. పెళ్ళిళ్ళలో కొబ్బరిపాలు పిండేశాక మిగిలే పిప్పి. ఇన్నేళ్ళూ ఆవిడ గేదె కుడితిలో కలిపించిన పిప్పి. మూడు వేసింది. 'పాలు పిండేసిన పిప్పి. పచ్చికొబ్బరి కాదు' అని, ఒక్కో అక్షరం నొక్కి నొక్కి రాసింది.

అప్పుడు తలెత్తి చూసింది. పక్కన మేష్టారు కూడా ఐదో నంబరే నోట్లో పెట్టుకున్నారు. తెలిసినవాళ్ళు ఎదురుపడ్డట్టు ఆయన మొహం విప్పారింది. దివ్య కూడా చిన్నగా నవ్వుకుంది. ఇద్దరి కలాలూ ఒకేసారి కదిలాయి. ఓహో, పొద్దున్న వెండి పళ్ళెంలో వచ్చింది ఇదేనన్నమాట అనుకుంది బంగారమ్మ. ఈసారి పచ్చకర్పూరం మానేసి నెయ్యీ యాలకులూ దట్టించాడు. టిఫిను తినని మనిషికి తప్ప అందరికీ గుర్తు తెలిసింది.

ఎనిమిదో నంబరు ఉండని ఆవిడ వేళ్ళతో తిప్పి చూసింది. ఉండ మీద చిన్న బొటనవేలి నొక్కు. నిరుడు ఆరో నంబరు మీద కూడా అదే నొక్కు. పద్మశ్రీ! వచ్చిందన్నమాట పిల్ల. బంగారమ్మకి నోరంతా ఊరింది, తినడానికి కాదు, తొమ్మిదిన్నర వెయ్యడానికి. నిరుటి పాపం ఇవాళ కడిగేసుకోవచ్చు. ఉండ నోట్లో వేసుకుని కొరికింది.

కొరుకుడు పడలేదు. పాకం ముదిరిపోయింది. పంటికి అంటుకుని సాగి, గట్టిగా ఉండిపోయింది. కొబ్బరి మంచిదే, పాకం చెడగొట్టేసింది. అయ్యో తల్లీ, ఏం చేశావే ఇది! తొమ్మిది వెయ్యడానికి ఎంతసేపు? ఎవరడుగుతారు? జాలిపడి వేసినా తొమ్మిదే, పెసరట్టు తిని వేసినా తొమ్మిదే. కాగితం మీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి. అదే ఆవిడకి చిర్రెత్తించింది. ఆరు వేసింది. 'పాకం ముదిరింది' అని రాసింది.

పదకొండింటికి పక్క గదిలో శివప్రసాద్ మార్కులు కూడాడు. ఐదో నంబరుకి మేష్టారు పది, దివ్య పది, బంగారమ్మ మూడు, మొత్తం ఇరవై మూడు. రెండో నంబరుకి మేష్టారు ఆరు, దివ్య ఏడు, బంగారమ్మ తొమ్మిది, మొత్తం ఇరవై రెండు. ఒక్క మార్కు తేడాతో ఐదో నంబరు మొదటిది. పేర్ల కవరు వేదిక మీదే విప్పుతారు, అప్పటిదాకా ఏ నంబరు ఎవరిదో చేసినవాళ్ళకి కూడా తెలియదు. అలా అని రూల్లో ఉంది.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా," అని కాగితం జరిపాడు.

బంగారమ్మ కూడబలుక్కుంటూ చదివింది. 'న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఏకగ్రీవంగా ఎంపిక చేసినారు.'

"ఏకగ్రీవం అంటే ముగ్గురి మాటా ఒకటేనని కదండీ? నాది ఒకటి కాదే. నేను మూడేసేను."

"అది మామూలుగా రాసే మాటండీ. నిరుడూ అలాగే రాసేం. మీరే పెట్టేరు."

"నిరుడు పెట్టేనండీ. ఆయ్. ఇవాళ పెట్టను."

శివప్రసాద్ బయటికి వెళ్ళాడు. నిమిషంలో నాగేంద్రబాబు లోపలికొచ్చాడు. పోటీలో ఉన్న మనిషి ఆ గదిలోకి రాకూడదు. కానీ గది ఆయనది కదా, ఎవరు ఆపుతారు? మేష్టారు కిటికీలోంచి బయటికి చూశారు. దివ్య ఫోనులోకి చూసుకుంది.

"బంగారమ్మగారూ," అన్నాడాయన, గొంతులో తేనె కారుతూ. "నేను మీకెప్పుడైనా తక్కువ చేసేనా అండీ? వచ్చే నెల్లో పద్నాలుగు ముహూర్తాలున్నాయి మన హాల్లో. అన్నిట్లోనూ మీ గాడిపొయ్యే అనుకుంటున్నానండీ నేను. పాపం, మీ గుండిగలు అంత దూరం మోసుకెళ్ళి ఇంకెక్కడ పెట్టుకుంటారండీ?"

ఒక్క పరుషమైన మాట లేదు. చివర అండీ అండీ అని ఎంత మర్యాద! బంగారమ్మ మనసులోనే లెక్క వేసుకుంది, అబద్ధమెందుకు. పద్నాలుగు పెళ్ళిళ్ళు. ఆవిడ వెనక కూరలు తరిగే ఆడవాళ్ళు ఎనిమిది మంది. ఒక్క సంతకం. అందరూ పెట్టేదే.

ఆవిడ తన మార్కుల కాగితం మడిచి చేత్తో పట్టుకుని లేచింది. "నా గుండిగలు మోసుకోడం నాకలవాటేనండీ," అని, ఆయన పక్కనుంచే నడుచుకుంటూ వేదిక మీదకి వెళ్ళింది.

హాల్లో మూడొందల మంది ఉన్నారు. వచ్చినవాళ్ళకి పంచడానికి పోటీదారులు ఒక్కొక్కరూ బుట్ట నిండా ఉండలు తెచ్చారు. వాటినీ సంఘం వాళ్ళు ఒకేలాంటి బుట్టల్లోకి మార్చి నంబర్లే వేశారు. బంగారమ్మ మైకు పట్టుకుంది. అది కుయ్యిమంది.

"నేను బంగారమ్మనండీ. మీలో సగం మంది పెళ్ళిళ్ళకి నేనే వండేను. ఇక్కడ ఐదో నంబరుకి నేను మూడు మార్కులేసేను. ఎందుకేసేనో రాసేను, చదువుతాను. పాలు పిండేసిన పిప్పి. పచ్చికొబ్బరి కాదు. నా మాట నమ్మొద్దు. ఆ ఐదో బుట్టా, రెండో బుట్టా తిప్పండి. ఒకటి తిని నీళ్ళు తాగి రెండోది తినండి. మింగకండేం! తీపి పోయేదాకా నమలండి. నమిలి అరిచేతిలో ఉమ్మి చూడండి."

హాలంతా ఒకటే నవ్వు. ఛీ ఛీ అన్నవాళ్ళూ ఉన్నారు. బుట్టలు మాత్రం తిరిగాయి. ఊరికే వస్తే లౌజు వద్దంటారా మనవాళ్ళు! కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. మూడొందల దవడలు ఆడుతున్నాయి. పట్టుచీర కట్టుకున్నావిడ దగ్గర్నుంచి మోటారు సైకిలు తాళాలు వేలికి తిప్పుకునేవాడి దాకా అందరూ నములుతున్నారు. తర్వాత ఒక్కొక్కరే తలలు వంచుకుని అరిచేతుల్లోకి చూసుకున్నారు.

"పొట్టండీ ఇది!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "మా గేదె కూడా ముట్టదు!"

నాగేంద్రబాబు వేదిక మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు. తేనె అంతా ఎటు పోయిందో. "ఏం మాట్లాడుతున్నావ్? మా లౌజుని పట్టుకుని పిప్పంటావా? మా సరుకు మీద ఇంత నింద వేస్తావా?"

బంగారమ్మ మైకు పక్కకి తియ్యలేదు. "ఐదో నంబరన్నానండీ నేను. ఎవరి పేరూ చెప్పలేదు. కవరు ఇంకా శివప్రసాద్ గారి జేబులోనే ఉంది. ఐదు మీదని మీకెవరు చెప్పేరండీ?"

మూడొందల తలలు నాగేంద్రబాబు వైపు తిరిగాయి. శివప్రసాద్ జేబు తడుముకున్నాడు. కవరు అక్కడే ఉంది.

అప్పుడు కామేశ్వరరావు మేష్టారు మెట్లెక్కి వచ్చారు. ఆయన అరిచెయ్యి ఇంకా తెరిచే ఉంది. దాంట్లో తెల్లగా ఇంత పిప్పి. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. మైకు దగ్గర వంగి, "పొద్దున్న వీరింట్లో టిఫిను తిన్నానండీ. ఈ లౌజే పెట్టేరు. ఇక్కడ నోట్లో వేసుకోగానే వీరిదని తెలిసింది. పది వేసేను. నా మార్కులన్నీ కొట్టేయండి. ముప్ఫయ్యేళ్ళు పిల్లల పేపర్లు దిద్దేను, ఇలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు" అన్నారు. దివ్య మాత్రం ఫోను సంచిలో పెట్టేసుకుని తల వంచుకుంది.

ఏకగ్రీవం అని రాసిన కాగితం చింపేసి, మేష్టారి మార్కులు తీసేసి కూడితే రెండో నంబరు పదహారు, ఐదో నంబరు పదమూడు. కవరు విప్పితే రెండో నంబరు రాజోలు పోలిరాజుది. చెట్లెక్కి కాయలు దింపే మనిషి. కాలు విరిగి ఏడాదిగా కూర్చుని కొబ్బరి కోరి లౌజు చేసుకుంటున్నాడట. కర్ర టకటకలాడించుకుంటూ మెట్లెక్కుతుంటే హాలు ఈలలతో మోగిపోయింది. బంగారమ్మ ఆయన చెవిలో, "నెయ్యి ఒక చుక్క తగ్గించండి" అంది. "ఆయ్, తగ్గిస్తానండీ" అన్నాడాయన, బుద్ధిగా.

కిందికి దిగగానే నాగేంద్రబాబు ఎదురొచ్చాడు. "రేపొచ్చి నీ గుండిగలు పట్టుకుపో."

"రేపెందుకండీ? ఆటో బయటే ఉంది," అంది బంగారమ్మ.

హాలు వెనక గదిలోంచి ఒక్కొక్కటే ఈడ్చుకొస్తోంది. అందరూ ముందు వైపు పోలిరాజు చుట్టూ ఉన్నారు. పెద్ద గుండిగ ఒక్కతే ఎత్తలేక నడుం పట్టుకుని నిలబడితే, అవతలి చెవి ఎవరో పట్టుకున్నారు. చూస్తే పద్మశ్రీ. ఇద్దరూ కలిసి ఆటో దాకా మోశారు.

"పిన్నిగారండీ, ఎనిమిది నాదండీ. గోడకి అంటించిన మార్కుల్లో చూసేను, ఆరే వేసేరు."

"నీదని తెలిసే వేసేను తల్లీ. పాకం ముదిరిపోయింది. దగ్గరపడగానే దింపెయ్యాలి కదే! నిరుడు ఎంత బాగా కుదిరింది నీకు. ఈసారి ఏమైంది?"

పద్మశ్రీ గుండిగ చెవి వదల్లేదు. "నిరుడు ఏం లోపం లేదన్నారు కదండీ మీరు. లోపం లేకపోతే ఎందుకు రాలేదని ఏడాదంతా ఆలోచించేనండీ. ఎవరూ చెప్పలేదు. పాకం లేతగా ఉందేమో, మీరు మొహమాటానికి చెప్పలేదేమో అనుకున్నాను. అందుకని ఈసారి ముదరనిచ్చేను. ఆలమూరులో రెండు కొట్లకి లౌజు వేసేదాన్ని, అదీ మానేసేను. నా చెయ్యి మంచిది కాదనుకున్నానండీ."

బంగారమ్మ ఒక్క బహుమతి పోయిందనుకుంది ఇన్నాళ్ళూ. కాదు. కుదిరిన చెయ్యిని తనే చెడగొట్టింది. బాగుందమ్మా, చాలా బాగుందమ్మా అని, నవ్వుతూ, మర్యాదగా.

"నీ పాకం సరిగ్గానే ఉందే తల్లీ," అంది చివరికి. "నిరుడు మొదటిది నీదే. నేనూ టిఫిను తిని తప్పు మార్కేసేను. తెలిసే వేసేను."

పద్మశ్రీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఏడవలేదు. గుండిగ కింద పెట్టి నిటారుగా నిలబడింది.

"ఈ మాట నాకు ఆటో పక్కన చెబితే ఎలాగండీ పిన్నిగారూ? నిరుడు నా నంబరు రాలేదని ఆ హాల్లో అందరి ముందూ చదివేరు. వచ్చిందని కూడా అక్కడే చదవాలి కదండీ."

నాగేంద్రబాబుని మైకులో నిలదీసినప్పుడు పట్టని చెమట ఇప్పుడు పట్టింది బంగారమ్మకి. ఇప్పుడే కదా అందరూ చప్పట్లు కొట్టారు! ఆ చప్పట్లు తనకి కూడా. మళ్ళీ వెళ్ళి, నేనూ ఆ బాపతే అని చెబితే ఏమనుకుంటారు? అనుకోనీ. ఏడాదిపాటు ఈ పిల్ల తన చేతిని తనే తిట్టుకుంది. దానికంటే ఎక్కువా?

"పద," అని కొంగు నడుముకి దోపుకుంది. "నువ్వూ రా. పక్కన నిలబడు."

లోపల కుర్చీలు సర్దుతున్నారు. జనం సగం గుమ్మం దాకా వచ్చేశారు. శివప్రసాద్ మైకు వైరు చుడుతున్నాడు. వేదిక మెట్లెక్కుతున్న బంగారమ్మని చూసి హడలిపోయాడు.

"ఇంకా ఏంటమ్మా?"

"ఇంకో తప్పు మార్కు ఉందండీ. నిరుటిది."

"ఎవరేసేరు?"

"నేనేనండీ. ఆ వైరు విప్పి, మైకు పెట్టండి."